నవనీత సున్నా

పొద్దున్నే లేచి మంచం అంచున కాసేపు కూర్చోనిదే నవనీత నేల మీద కాలు మోపదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తల కాస్త వంచి, ఊరికే అలా కూర్చుంటుంది. నల్లగొండ జిల్లాలో వాళ్ల ఊరు రాళ్లబాయిలో అందరూ అంతే. బోరు నీళ్లలోని ఫ్లోరైడు తరాల తరబడి ఎముకల్లో పేరుకుపోయిన ఊరది. బడికి పోయే పిల్లల దగ్గర్నుంచి పండు ముసలి దాకా, నిద్ర లేచాక "ఒళ్లు కరిగేదాకా" ఆగుతారు. ఆ తర్వాతే చెంబైనా చీపురైనా పట్టేది. అది నొప్పి అని ఆ ఊళ్లో ఎవరూ అనరు. నొప్పి అంటే మెడ తిరక్కుండా పోయి మంచాన పడ్డవాళ్లకు ఉండేది. ఇది మామూలుగా పొద్దున లేవడం, అంతే.

హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే నూకరత్నానికి మాత్రం ఇది చూస్తే నవ్వాగదు. నూకరత్నం శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు పిల్ల. తండ్రి వేటకెళ్తాడు, తల్లి చేపల గంప ఎత్తుతుంది. కళ్లు తెరవగానే మంచం మీంచి దూకడం ఆమె అలవాటు.

"ఏటే, పీటల మీద పెళ్లికూతురునాగ అలగ కూకుండిపోనావు? లెగు లెగు, సున్నాకి టైమైపోతంది."

"ఆగవే. ఒళ్లు కరగాలె గద."

"నీ ఒళ్లేటి మైనమా, కరగడానికి?"

ఇద్దరూ నవ్వుకుంటూ తెల్ల కోట్లు తగిలించుకుని బయలుదేరేవాళ్లు. హైదరాబాదు శివారులోని ఒక పెద్ద పరిశోధనా కేంద్రంలో వాళ్లు నొప్పి చదివేవాళ్లు. శిక్షణలో ఉన్నారు. కొత్త మందును మనుషుల మీద పరీక్షించేటప్పుడు ఆ మనిషికి ఎంత నొస్తోందో తేల్చడం వాళ్ల పని. అడిగితే తెలియదా అంటారేమో. అడిగితే ఒకడు చీమ కుట్టినా చచ్చిపోతున్నానంటాడు, ఇంకొకడు కాలు విరిగినా బాగానే ఉన్నాన్సార్ అని నమస్కారం పెడతాడు. అందుకే ప్రొఫెసర్ శేషశాయి జోడు పట్టీని తయారుచేశాడు. ఒక పట్టీ రోగి మెడ వెనక, రెండోది చదివే మనిషి మెడ వెనక. రోగికి నడుం నొస్తే చదివే మనిషికీ నడుమే నొస్తుంది. ఎంత నొస్తోందో పదికి ఇంతని చదివే మనిషి చెప్పాలి, కంప్యూటరు రాసుకుంటుంది.

పట్టీ వచ్చిన కొత్తలో చదవడానికి పెట్టుకున్నవాళ్లంతా పెద్ద ఇళ్ల పిల్లలు. ఎండలో చెప్పుల్లేకుండా నడిచి ఎరగరు. క్వారీలో రాళ్లు కొట్టే మనిషిని చదవబోయి ఒకమ్మాయి కెవ్వుమని కుర్చీలోంచి కింద పడింది. బీడీలు చుట్టే ఆవిడ భుజాన్ని చదివిన అబ్బాయి అక్కడే వాంతి చేసుకున్నాడు. కష్టపడే మనిషి ఎవరొచ్చినా పదికి పది వేశారు. మందు ఇవ్వకముందూ పదే, ఇచ్చాకా పదే. అలాంటి అంకెలతో ఏ మందు సంగతి తేలుతుంది, నా మొహం!

అప్పుడు శేషశాయి పైవాళ్లతో పోట్లాడాడు. "కష్టం ఎరిగిన ఒళ్లే కష్టంలో ఉన్న ఒంటిని చదవగలదు. జాలర్ల పిల్లల్ని తీసుకోండి, నేతగాళ్ల పిల్లల్ని తీసుకోండి, క్వారీ పిల్లల్ని తీసుకోండి. మందు ఎవరి కోసమో వాళ్ల మనుషులే ప్రయోగశాలలో ఉండాలి" అన్నాడు. మంచి మాటే. మనసులోంచి వచ్చిన మాటే, అందులో వంక పెట్టడానికి లేదు. ఆ మాట వల్లే డిగ్రీ చదివి ఊళ్లో ఊరికే కూర్చున్న నవనీతకు తెల్ల కోటు దక్కింది, నూకరత్నానికీ, సిరిసిల్ల నేతగాళ్ల కుర్రాడికీ, ఒక క్వారీ పిల్లాడికీ దక్కింది.

పని మొదలుపెట్టే ముందు ప్రతిరోజూ సున్నా కట్టాలి. చదివే మనిషి ఒక్కతే పట్టీ పెట్టుకుని కళ్లు మూసుకుంటే, ఆ ఒంట్లో అప్పటికే ఏముందో అదంతా సున్నా కింద యంత్రం గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత రోగి నుంచి వచ్చేదాంట్లోంచి అంత తీసేసి, మిగిలింది మాత్రమే చదివే మనిషికి పంపిస్తుంది. చదివే మనిషికి ముందురోజు కాలు బెణికి ఉంటే ఆ బెణుకు రోగి లెక్కలో పడకూడదు కదా, అందుకని.

"నొప్పులేమైనా ఉన్నాయామ్మా?" అని సున్నా కట్టే టెక్నీషియన్ రోజూ అడుగుతాడు.

"లేవన్నా" అంటుంది నవనీత. అబద్ధం ఆడటం ఆమెకి చేతకాదు. తనకు తెలిసిన నిజమే చెప్పేది.

ఆ రోజు రాళ్లబాయి నుంచి బస్సు వచ్చింది. ఎముకల్లో చేరిన ఫ్లోరైడును కరిగించి బయటికి పంపే కొత్త మాత్రను ఆ ఊరి మీదే పరీక్షిస్తున్నారు. నిజానికి ఆ ఊరివాళ్లు అంతకుముందు ఏ పరిశోధనకూ తలూపలేదు. కార్లలో వచ్చి రక్తం తీసుకుని, వంకర కాళ్లను ఫొటోలు తీసుకుని పోయినవాళ్లే గాని తిరిగి మొహం చూపించినవాడు ఒక్కడు లేడు. నవనీత వెళ్లి పంచాయతీ అరుగు మీద నిలబడి చెప్తే, మన పిల్లే గదా అని ఒప్పుకున్నారు. అందరికంటే ముందు ముందుకొచ్చింది ఆమె మేనమామ సైదులు.

సైదులుకు రోడ్డు పక్కన చిన్న ఛాయ్ హోటలు. నడుం సగానికి వంగిపోయి, ఎదుటి మనిషి మొహం చూడాలంటే తల పక్కకు తిప్పి చూడాలి. ఆ నడుం ఇంకా నిటారుగా ఉన్న రోజుల్లో తండ్రి లేని నవనీతను మెడ మీద ఎక్కించుకుని బడికి మోసుకుపోయింది ఆయనే. ఆయనకు పెళ్లాం పిల్లలు లేరు. అక్క జంగమ్మ, ఆమె కూతురు నవనీత, అదే ఆయన సంసారం.

"తిన్నవా మామా?" పట్టీ సర్దుతూ అడిగింది.

"తినకుంటే మీ అమ్మ బస్సెక్కనిస్తదా?"

నవనీత తన పట్టీ పెట్టుకుని కళ్లు మూసుకుంది. నడుంలో చిన్నగా మొదలైంది. తుంటి దగ్గర ఏదో మెలి పెట్టినట్టనిపించి ఆగింది. ఎంతో లేదు.

"ఎంత బిడ్డ?"

"రెండే మామా. పోయిన నెల గూడ రెండే."

"నిజంగనా? నాకు ఈ నెల జర ఎక్కువైనట్టనిపించింది. కూసుంటే లేవరాలె. తుంటిల గడ్డపార వెట్టి తవ్వినట్టుండె."

"ఇప్పుడు గూడ ఉన్నదా?"

ఆయన తల పక్కకు తిప్పి మేనకోడలి మొహంలోకి చూశాడు. కోటు మీద కుట్టిన ఆమె పేరును చూశాడు. "ఏమో బిడ్డ. నువ్వు రెండన్నవంటె రెండే అయ్యుంటది. ముసలోన్ని, నాకట్ల అనిపించిందేమో. మంచిగనె ఉన్న, రాసుకో."

నాలుగు లోపల ఉంటే మాత్ర మోతాదు పెంచవచ్చు, ఏడు దాటితే ఆపేయాలి. అది అక్కడి నియమం. మాత్ర ఫ్లోరైడుతో పాటు ఎముకను కూడా తినేసే ప్రమాదం ఉంది. ఆ ఊరివాళ్ల ఎముకలు ఎక్స్‌రేలో సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా, గట్టిగా కనబడతాయి. లోపల డొల్ల అవుతున్నా చివరిదాకా బయటపడదు. ముందుగా చెప్పగలిగేది నొప్పి ఒక్కటే. అందుకే శేషశాయి మిగతా పరీక్షలన్నీ పక్కన పెట్టి పట్టీని నమ్ముకున్నాడు. ఆ రోజు సైదులు మోతాదు పెరిగింది. బస్సులో వచ్చినవాళ్లందరిదీ పెరిగింది.

తర్వాతి ఆదివారం నవనీత ఊరికి వెళ్లింది. బస్సు దిగేసరికి మామ హోటలు ముందు నలుగురు కూర్చుని ఆయన్ని ఆట పట్టిస్తున్నారు.

"ఏం సైదులూ, ఛాయ్ గిలాస అందియ్యనీకె ఇంతసేపా? మాత్రలు మింగినంక మొత్తమే వంగిపోతున్నవేందయా!"

"ఏ, ఊకోరా. నాకున్నది రెండే నొప్పి. మా నవనీత జదివి జెప్పింది. నీ లెక్క నోటికొచ్చింది చెప్పే రకం గాదది."

నవనీత పొంగిపోయింది. ఆ మాట విని సంతోషపడినందుకు తర్వాత తనను తానే ఎన్ని తిట్లు తిట్టుకుందో! కానీ ఆ పూట మాత్రం మామ చేతి ఛాయ్ తాగి, అమ్మ వండిన గోంగూర తిని, నవ్వు మొహంతో బస్సెక్కింది. మామ గ్లాసు అందించేటప్పుడు పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాడని చూసింది కూడా. చూసినా, రెండే కదా అనుకుంది.

శిక్షణ చివర్లో ఒక పరీక్ష ఉంటుంది. చదివేవాళ్లు ఒకరినొకరు చదవాలి. దానికి సాధన చేద్దామని ఒక మధ్యాహ్నం నూకరత్నం నవనీతను రోగి కుర్చీలో కూర్చోబెట్టింది.

"నాకేం నొప్పి లేదు, ఉత్తగ టైం దండుగ" అంది నవనీత. "అన్నం తినొద్దాం పద."

"కూకోవే, ఒక్క నిమిషం. నీ సున్నా సదివినానని సెప్పి నూటికి నూరు కొట్టేత్తాను."

నవ్వుతూనే మెడకు పట్టీ పెట్టుకుంది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. చెయ్యి నడుం మీదికి పోయింది. ఇంకో చెయ్యి బల్ల అంచును వెతుక్కుంది. తుఫాను గాలిలో వల లాగిన పిల్ల, పడవ అంచు తగిలి పన్ను ఊడినా ఏడవని పిల్ల, కళ్లలో నీళ్లు పెట్టుకుని "అమ్మోయ్! తియ్యే, తియ్యి దీన్ని!" అని అరిచింది.

నవనీత గబుక్కున పట్టీ లాగేసింది. "ఏమైందే? నేనేం జెయ్యలే!"

"ఏటే నీ నడుం? ఏటా మోకాళ్లు? ఎవులో సుత్తెట్టి కొడతన్నట్టుంది. ఏడుంటాది, తక్కువ నేదు. ఎప్పట్నించే ఇలగుంది నీకు?"

"నాకేం లేదే. అది నొప్పి గాదు." నవనీతకు ఇంకా నవ్వే వస్తోంది. "అందరికి గట్లనె ఉంటది గద."

"ఎవులికే, అందరికీ? నాకు నేదు!"

ఆ మాటతో నవనీత నవ్వు పోయింది. నూకరత్నం మంచం మీంచి ఎందుకు దూకగలదో ఇన్నాళ్లకు తెలిసింది. అంటే, పొద్దున్నే లేచి ఊరికే అలా నడిచిపోయేవాళ్లు లోకంలో ఉన్నారన్నమాట. ఒళ్లు కరగాల్సిన పని లేనివాళ్లు. తనకు నొస్తోంది. ఊహ తెలిసినప్పటి నుంచీ నొస్తూనే ఉంది. మరి ఆ నొప్పిని రోజూ యంత్రానికి చూపించి, ఇదే సున్నా, దీన్ని తీసేయ్ అని చెప్తూ వచ్చింది. యంత్రం తీసేసింది. మామ ఒంట్లోంచి తీసేసింది, ఊరు మొత్తం ఒంట్లోంచి తీసేసింది. మామకు రెండు కాదు. ఏడు పోగా రెండు.

"తొమ్మిది" అంది పైకే. తర్వాత బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

శేషశాయి అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "తప్పు నాదేనమ్మా" అన్నాడు. "నీ ఒంట్లో మీ ఊరుందని నిన్ను తీసుకున్నాను. ఉంటే సున్నాలోనూ ఉంటుందని నాకు తట్టలేదు."

"మాత్ర ఆపుదాం సార్. ఇయ్యాల్నే ఊరికి ఫోన్ చేస్త."

"ఆపుదాం. తప్పకుండా ఆపుదాం." ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. "శుక్రవారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. ఈ శిక్షణని శాశ్వతం చెయ్యాలా, మూసెయ్యాలా అని తేల్చడానికి. వాళ్లలో సగం మందికి మొదట్నుంచీ ఇది పడదు. పల్లెటూరి పిల్లలకి శాస్త్రమేమిటి, పాత పద్ధతే నయం అనేవాళ్లు. ఇప్పుడు నీ సున్నా తప్పని తెలిస్తే ఏమంటారో తెలుసా? అందరి సున్నా తప్పే అంటారు. నువ్వొక్కదానివే కాదు, నూకరత్నం పోతుంది, ఆ సిరిసిల్ల కుర్రాడు పోతాడు, క్వారీ పిల్లాడు పోతాడు. మళ్లీ ఇంకో ఇరవై ఏళ్లు మీలాంటివాళ్లని ఈ గడప తొక్కనివ్వరు."

"మరి మా మామ?"

"నాలుగు రోజులమ్మా. ఇన్నాళ్లు వాడిన మాత్ర ఇంకో నాలుగు రోజులు. ఊరంతా ఒక్కసారి ఆపేస్తే ఎందుకని అడుగుతారు. శుక్రవారం గడిచిపోనీ, శనివారం పొద్దున్నే నేనే మీ ఊరికి వస్తాను. నేనే చెప్తాను."

ఆయన మోసం చేయాలని అనలేదు. అదే వచ్చిన చిక్కు. దుర్మార్గుడైతే మొహం మీద ఉమ్మేసి వచ్చేది.

హాస్టలుకి వచ్చి నూకరత్నానికి చెప్పింది. ఎగిరిపడి తిడుతుందనుకుంది. నూకరత్నం గోడకు ఆనుకుని చాలాసేపు గోళ్లు కొరుక్కుంది.

"మా చెల్లి ఇంటర్ల జేరింది" అంది చివరికి, ఎటో చూస్తూ. "మా ఊర్ల ఆడపిల్లలందరూ నన్ను సూపించి సదువుకుంతన్నారు. నాను గంపెత్తుకుని ఎల్లిపోతే..." మాట మింగేసింది. "శుక్రోరం ఎంతలో ఉందే? ఆగరాదా?"

నవనీత మామకు ఫోన్ చేసింది. చెప్పేద్దామనే చేసింది.

"మామా, మాత్ర ఏస్కుంటున్నవా?"

"ఏస్కోకుండ ఉంటనా బిడ్డ? నువ్వు జెప్పినంక! ఇగో, ఇప్పుడే మింగిన. మీ అమ్మ నీళ్లిచ్చింది."

శనివారం సారే వచ్చి చెప్తారు కదా అనుకుంది. "సరే మామా, పైలం" అని పెట్టేసింది. పైలమట! మనిషిని చేతులారా గోతి అంచున నిలబెట్టి, జాగ్రత్తగా ఉండు అని చెప్పడం అంటే ఇదే. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలుసు. తెలిసీ పెట్టేసింది.

గురువారం రాత్రి జంగమ్మ ఫోన్ చేసింది. ఏడుపులో మాట తెలియడం లేదు. పొద్దున పొయ్యి మీంచి పాల గిన్నె దించుతుంటే సైదులు తుంటి ఎముక ఫట్‌మని విరిగిందట. పడి విరగలేదు, విరిగి పడ్డాడు. ఆ చప్పుడు బెంచీల మీద కూర్చున్నవాళ్లకు కూడా వినబడిందట. జిల్లా ఆసుపత్రిలో కోసి చూసి, రాడ్డు వేద్దామంటే మరమేకు పట్టేంత ఎముక లేదని మళ్లీ కుట్టేశారు. ఎండు రొట్టెలా పొడి అయిపోతోందని డాక్టరు ఆశ్చర్యపోయాడట.

"నువ్వు రెండే అన్నవంట గదనే!" అని జంగమ్మ అడిగింది. నిష్ఠూరంగా అడగలేదు, అర్థం కాక అడిగింది.

శుక్రవారం ఆమె ఎవరినీ అడగకుండా కమిటీ గదిలోకి వెళ్లింది. శేషశాయి ఆమెను చూసి తల దించుకున్నాడు. నవనీత జరిగింది మొదట్నుంచి చివరి దాకా చెప్పింది. నాలుగు రోజులు ఎవరు ఆగమన్నారో చెప్పింది, ఆగింది తనేనని కూడా చెప్పింది. కమిటీవాళ్లలో కొందరు నమ్మలేదు. అప్పుడు ఒక పట్టీ తన మెడకు పెట్టుకుని, రెండోది అధ్యక్షురాలి ముందు పెట్టింది.

ఆ పెద్దావిడ మంచి మనిషి. వెనకాడకుండా పెట్టుకుంది. సున్నా ఆమె మీదే కట్టారు. అర నిమిషం కాకముందే పళ్లు బిగబట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, పట్టీ తీసేసింది. మంచినీళ్లు తాగి, చెమట తుడుచుకుని, ఆ మాత్ర పరీక్షను అక్కడికక్కడే ఆపించింది. రాళ్లబాయికి ఆ సాయంత్రమే అంబులెన్సులు వెళ్లాయి. సైదులు ఒక్కడే విరిగాడు, మిగతావాళ్లు గండం తప్పించుకున్నారు. ఇంత వరకు బాగానే ఉంది.

ఆ తర్వాత చదివేవాళ్లందరికీ వైద్య పరీక్షలు చేశారు. సిరిసిల్ల కుర్రాడి వెన్ను మగ్గం గుంట ఆకారానికి తిరిగి ఉంది. క్వారీ పిల్లాడి ఊపిరితిత్తుల్లో రాతి పొడి. నూకరత్నం కుడి భుజం వల లాగీ లాగీ లోపల చీలి ఉంది, తనకు ఎప్పుడూ తెలియనే తెలియదు. ఎవరి ఒంట్లో వాళ్ల ఊరు కూర్చుని ఉంది. సొంత నొప్పి ఉన్నవాళ్లు ఇంకొకరి నొప్పి చదవడానికి తగరని కమిటీ తీర్మానించింది. ఏ కారణానికి తీసుకున్నారో ఆ కారణానికే బయటికి పంపారు.

"సున్నా వేరేవాళ్లతోని కట్టిపియ్యండి మేడం, చదివేది మేమే చదువుతం" అని నవనీత చెప్పి చూసింది. మంచి సూచన అని మెచ్చుకున్నారు. వాళ్ల బదులు వచ్చింది మాత్రం మళ్లీ ఆ పెద్ద ఇళ్ల పిల్లలే. ఈసారి వాళ్లు కేకలు వెయ్యరు, వాంతులు చేసుకోరు. నవనీతవాళ్లు చదివి పెట్టిన లెక్కల్ని పట్టుకుని, పల్లెటూరి నొప్పిని ఓర్చుకోదగినంతగా తగ్గించి పంపే ఏర్పాటు పట్టీలోనే చేశారు.

బస్టాండులో నూకరత్నం ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది. బస్సు కదిలే ముందు మాత్రం కిటికీలోంచి, "నాను ఆగమనకుండా ఉండాల్సింది" అంది. నవనీత తల ఊపింది. అవుననీ కాదనీ కాదు.

సైదులు ఇప్పుడు జంగమ్మ ఇంట్లోనే నులక మంచం మీద ఉంటున్నాడు. కూర్చోలేడు, పక్కకు తిరగలేడు. ఎముక అతుక్కోదని డాక్టర్లు తేల్చేశారు. ఛాయ్ హోటలు మూతబడింది. నవనీత రోజూ ఆయనకు ఒళ్లు తుడుస్తుంది, అన్నం తినిపిస్తుంది. తన సున్నా సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు. మిషను తప్పు చేసిందని చెప్పింది. మామ నమ్మాడు. మిషనే గదా బిడ్డ, దానికేం తెలుసు, నువ్వు మనసుల వెట్టుకోకు అని ఓదార్చాడు కూడా. ఆ ఓదార్పు వినలేక ఆమె పెరట్లోకి వెళ్లిపోయేది.

ఒకరోజు శేషశాయి ఫోన్ చేశాడు. ఆమె గడప మీద కూర్చుని ఎత్తింది. ఎలా ఉన్నావు, మామ ఎలా ఉన్నారు అయ్యాక అసలు మాట బయటికి వచ్చింది.

"కొత్త మాత్ర ఒకటి వస్తోందమ్మా, ఎముక జోలికి పోదు. నిన్ను చదివే పనిలోకి ఎటూ తీసుకోనివ్వరు. కానీ రోగిగా చేరవచ్చు. ఇంత చిన్న వయసులో, ఇంత నొప్పితో, ఇంత బాగా పనిచేస్తున్న ఒళ్లు మాకు ఇంకెక్కడా దొరకదు. పరిశోధనకి చాలా ఉపయోగం. నీకూ మంచిదే."

నవనీతకు ఆయన మీద ఒకప్పుడు ఉన్న గౌరవం కాస్తా కోపంగా మారింది.

"వస్త సార్" అంది. "కని రెండో పట్టీ మీరే పెట్టుకోవాలె. తగ్గించి పంపేది గాదు, పాత పట్టీ. నన్ను మీరే చదవాలె."

"నేనా?" ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "నాకు బీపీ అమ్మా. ఈ వయసులో అంత నొప్పి నేను తట్టుకోగలనా?"

"నాకు పుట్టినప్పటి సంది ఉన్నది సార్ ఆ నొప్పి. నడుంల, మోకాళ్లల్ల. దాన్నే మీ మిషనుకు సున్నా అని చూపెట్టిన. అందుకే మా మామ మంచంల పడ్డడు. మీరు ఒక్క గంట తట్టుకోలేరా?"

మళ్లీ చేస్తానమ్మా అని ఏదో గొణిగి పెట్టేశాడు. నవనీత ఫోన్ పక్కన పడేసి వెనక్కి తిరిగింది. జంగమ్మ పొయ్యి ముందు చేతిలో గరిటెతో అలాగే ఉండిపోయింది. మంచం మీద సైదులు కళ్లు తెరుచుకుని ఇటే చూస్తున్నాడు. అంతా విన్నారు.

"నవనీతా, ఇటు రా."

వెళ్లి మంచం పక్కన నిలబడింది. ఇక తిడతాడు అనుకుంది. తిట్టాలనే కోరుకుంది. నోరారా నాలుగు మాటలు తిడితే ఆమెకు ఊపిరాడేది.

"మామా, తప్పంత నాదే. నా వల్లనే నువ్వు..."

"అది గాదు." ఆయన ఆ మాటను చేత్తో పక్కకు తోసేశాడు. "నీకు నొస్తదా బిడ్డ?"

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే నడుం మీదికి పోయింది.

"గంత చిన్నప్పటి సంది నొస్తుండెనా? నా మెడ మీద గూసుండి బడికి వోయిననాడు గూడ?" ఆయన కళ్లలోంచి నీళ్లు చెవుల మీదుగా దిండులోకి దిగాయి. "ఎన్నడన్న మామా నొస్తున్నదని అనకపోతివి. నేను గూడ అడగకపోతి. అయ్యో, అడగనే అడగకపోతి గద బిడ్డ!"

"నాకే తెల్వదు మామా" అంది నవనీత. జంగమ్మ గరిటె కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది.

సైదులు రెండు చేతులతో మంచం పట్టె పట్టుకున్నాడు. పళ్లు బిగబట్టి, విరిగిన తుంటిని ఈడ్చుకుంటూ, గోడ వైపు జానెడు జరిగాడు. మధ్యలో ఊపిరి ఆగిపోయినట్టయి, మొహం నల్లబడింది. ఆపబోయిన ఆమె చేతిని తోసేసి, ఇంకొంచెం జరిగాడు. ఖాళీ అయిన చోట నులక మీద చేత్తో తట్టాడు.

"పొద్దుగాల సంది నిలవడే ఉన్నవు. రా, జర నడుం వాల్చు" అన్నాడు.